ముంత మీద రాసింది చదవండి: జర్మన్ రిజర్విస్టు బీరు ముంతల సేకరణ (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

పొలం కొనేటప్పుడు నేల చూసి ఎంత ముచ్చటపడినా, డబ్బు తీసే ముందు మనం కాగితాలే చూస్తాం. పాస్‌బుక్కులో సర్వే నంబరు, అడంగల్‌లో నంబరు, ఈసీలో నంబరు ఒకటేనా? పేర్లు కలుస్తున్నాయా? హద్దులు కలుస్తున్నాయా? ఒక్కటి తేడా వచ్చినా అడ్వాన్సు ఆగిపోతుంది. పాతకాలపు జర్మన్ సైనికుల బీరు ముంత కొనడం కూడా సరిగ్గా ఇలాంటి పనే. దాని మీద పేరు ఉంటుంది, రెజిమెంటు నంబరు ఉంటుంది, ఊరు, సంవత్సరాలు, రాజుగారి బొమ్మ, రాజ్యచిహ్నం అన్నీ ఉంటాయి. ఇవి ఒకదానికొకటి సాక్ష్యం చెప్పాలి. రంగులు, బంగారు గీతలు చూసి కొన్నవాళ్లు నష్టపోతారు. చదివి కొన్నవాళ్లకి ఆ భయం చాలా తక్కువ. ఇవాళ ఆ చదవడం గురించే ఎక్కువ మాట్లాడతాను.

ముందు వస్తువు ఏమిటో చెబుతాను. జర్మన్ భాషలో క్రుగ్ అంటే ముంత. రిజర్విస్టెన్‌క్రుగ్ అంటే, సైన్యంలో తన వంతు కొలువు ముగించుకుని రిజర్వులోకి వెళ్తున్న కుర్రాడు గుర్తుగా కొనుక్కున్న ముంత. ఇంగ్లీషు మాట్లాడే సేకర్తలు రెజిమెంటల్ స్టెయిన్ అంటారు. ఇది ప్రభుత్వం ఇచ్చిన బహుమతి కాదు, పతకం లాంటిది అసలే కాదు. సిపాయి తన జీతంలోంచి కూడబెట్టి కొనుక్కున్నాడు. అందుకే దాని మీద తన పేరు రాయించుకున్నాడు, తనతో పాటు బ్యారక్‌లో ఉన్నవాళ్ల పేర్లూ రాయించుకున్నాడు.

చాలావరకు పింగాణీ. కొన్ని స్టోన్‌వేర్, అంటే బాగా కాల్చిన గట్టి మట్టిపాత్రలు. గాజువి తక్కువ. ఎక్కువ ముంతలు అర లీటరువి, లీటరువి అరుదు. మూత మీది బొమ్మతో కలిపి ఎత్తు సాధారణంగా 25 నుంచి 30 సెంటీమీటర్ల మధ్య ఉంటుంది. మూత ప్యూటర్, అంటే తగరం ప్రధానంగా ఉన్న మిశ్రమలోహం. మూతని పిడికి కలిపేది ఒక మడతబందు. ఆ మడతబందు మీద బొటనవేలితో నొక్కే మీట ఉంటుంది. దీన్ని బొటన మీట అందాం, ఈ మాట ఇవాళ చాలాసార్లు వస్తుంది.

ఈ ముంతల కాలం చిన్నది. 1890ల నుంచి 1914 వరకు. మార్కెట్లో మీకు కనిపించేవాటిలో అత్యధికం 1900 తర్వాతవి. 1914 ఆగస్టులో యుద్ధం మొదలైంది. ఆ శరదృతువులో ఇంటికి వెళ్లాల్సిన కుర్రాళ్లని వదల్లేదు. అయినా 1912–14 అని రాసిన ముంతలు నిజమైనవే ఉన్నాయి. ఎందుకంటే ఆర్డరు నెలల ముందే ఇచ్చేవారు. ముంత తయారైంది, దాని యజమాని ఇంటికి కాకుండా యుద్ధానికి వెళ్లాడు. ఇలాంటి ముంత చేతిలోకి వచ్చినప్పుడు ఆ రెండు అంకెల బరువు గమనించండి.

ఇక చదవడం మొదలుపెడదాం. ఒక ఉదాహరణ తీసుకుంటాను. ముందు భాగంలో భుజపట్టీ బొమ్మ, దాని చుట్టూ ఇలా ఉంది: మూడో కంపెనీ, ఇన్‌ఫాంటరీ రెజిమెంటు నంబరు 120, ఉల్మ్, 1905–07. కింద రిజర్విస్టు ఫలానా అని పేరు. పైనో కిందో "త్సుర్ ఎరిన్నెరుంగ్ ఆన్ మైనె డీన్స్ట్‌త్సైట్" అని ఉంటుంది. నా కొలువు రోజుల జ్ఞాపకార్థం అని అర్థం.

మొదటి సాక్షి నంబరు. జర్మన్ సామ్రాజ్యానికి ఒకే సైన్యం ఉందని చాలామంది అనుకుంటారు. నిజానికి ప్రష్యా, బవేరియా, సాక్సనీ, వుర్టెంబెర్గ్ ఎవరి సైన్యం వారిదే. బవేరియా తన పదాతి రెజిమెంట్లకి వేరుగా 1 నుంచి 23 వరకు నంబర్లు పెట్టుకుంది. మిగతా అందరిదీ ఒకే వరుస, 1 నుంచి 182 వరకు. ఆ వరుసలో ఏ నంబరు ఎవరిదో ఒక్కసారి కాగితం మీద రాసుకుంటే జీవితాంతం పనికొస్తుంది. 100 నుంచి 108 వరకు సాక్సనీ. 109 నుంచి 114 బాడెన్. 115 నుంచి 118 హెస్సె. 119 నుంచి 127 వుర్టెంబెర్గ్. తర్వాత విడిగా వచ్చేవి కొన్ని: 133, 134, 139, 177, 178, 179, 181, 182 సాక్సనీవి, 142, 169, 170 బాడెన్‌వి, 168 హెస్సెది, 180 వుర్టెంబెర్గ్‌ది. 89, 90 మెక్లెన్‌బుర్గ్‌వి. మన ఉదాహరణలో 120 అంటే వుర్టెంబెర్గ్. ఉల్మ్ కూడా వుర్టెంబెర్గ్ ఊరే. కలిసింది.

కానీ ఊరిని బట్టి రాజ్యాన్ని ఊహించకండి. ఇక్కడే చాలామంది పొరబడతారు. స్ట్రాస్‌బుర్గ్, మెట్స్ అనే ఊళ్లు 1871లో ఫ్రాన్స్ నుంచి తీసుకున్న ప్రాంతంలోవి. అక్కడ అన్ని రాజ్యాల దళాలనీ పెట్టారు. స్ట్రాస్‌బుర్గ్‌లోని 105వ రెజిమెంటు సాక్సనీది, కానీ దాని గౌరవ నామం వుర్టెంబెర్గ్ రాజు పేరు. అదే ఊళ్లోని 126వ రెజిమెంటు వుర్టెంబెర్గ్‌ది, దాని పేరులో ఉన్నది బాడెన్ గ్రాండ్ డ్యూక్. మెట్స్‌లో ఉన్న 8వ బవేరియన్ రెజిమెంటుకీ బాడెన్ గ్రాండ్ డ్యూక్ పేరే. పేరులో ఒక రాజ్యం, ఊరు ఇంకోచోట, రెజిమెంటు మూడో రాజ్యానిది. ఇలాంటి ముంత చూసి "ఇది తప్పుల తడక, నకిలీ" అని వదిలేసేవాళ్లున్నారు. నంబరే నమ్మండి.

రెండో సాక్షి సంవత్సరాలు. 1893 నుంచి పదాతి దళంలో కొలువు రెండేళ్లు. గుర్రపు దళానికీ, గుర్రాల మీద వెళ్లే ఫిరంగి దళానికీ మూడేళ్లు. నౌకాదళానికీ మూడేళ్లు. కాబట్టి 1905–07 పదాతికి సరే. 1905–08 అని పదాతి ముంత మీద ఉంటే ఆగి ఆలోచించాలి. ఉలాన్ రెజిమెంటు, అంటే బల్లేలు పట్టుకున్న గుర్రపు దళం, రెండేళ్లు అని ఉన్నా అంతే. మినహాయింపులున్నాయి. చదువుకున్న కుర్రాళ్లు తమ ఖర్చుతో ఒక్క ఏడాది పనిచేసే ఏర్పాటు ఉండేది. కొలువు పొడిగించుకున్నవాళ్లూ ఉన్నారు. అలాంటిది ఉంటే హోదాలోనో, రాతలోనో ఆ జాడ కనిపించాలి.

సంవత్సరాలతోనే ఇంకో లెక్క చూడాలి. ఆ దళం ఆ ఏడాది అసలు ఉందా? 182వ సాక్సన్ రెజిమెంటు 1912లో ఏర్పడింది. 1908–10 అని దాని పేరుతో ముంత వస్తే ఇంకేం చూడనక్కర్లేదు. జర్మన్ నౌకాదళం మొదటి సబ్‌మెరైన్ యు-1 సేవలోకి వచ్చింది 1906 డిసెంబరులో. మొదటి జెప్పెలిన్ ఆకాశనౌక ఎగిరింది 1900 జూలైలో, సైన్యం తన మొదటి జెప్పెలిన్‌ని తీసుకుంది 1909లో. విమాన బెటాలియన్లు 1913 అక్టోబరులో ఏర్పడ్డాయి. సబ్‌మెరైన్, విమానం, ఆకాశనౌక ఉన్న ముంతలకి ధర చాలా ఎక్కువ. నకిలీ చేసేవాడికి ఆశ కూడా అక్కడే ఎక్కువ. ఈ తేదీలు అందుకే కంఠతా వచ్చి ఉండాలి.

మూడో సాక్షి రాజుగారు. చాలా ముంతల మీద పాలకుడి చిత్రం ఉంటుంది. బవేరియాలో 1886 నుంచి 1912 డిసెంబరు దాకా ప్రిన్స్ రీజెంట్, అంటే రాజు బదులు ఏలిన లూయిట్‌పోల్డ్, తెల్లగడ్డం వృద్ధుడు. లుడ్విగ్ III రాజయింది 1913లో. సాక్సనీలో ఆల్బర్ట్ 1902 వరకు, గెయోర్గ్ 1904 వరకు, ఆ తర్వాత ఫ్రీడ్రిష్ ఆగస్ట్ III. బాడెన్‌లో ఫ్రీడ్రిష్ I 1907 వరకు, తర్వాత ఆయన కొడుకు ఫ్రీడ్రిష్ II. 1907–09 బవేరియన్ ముంత మీద లుడ్విగ్ III రాజుగా ఉంటే ఆ ముంత అబద్ధం చెబుతోంది. రెండు పాలనల మధ్య పడే సంవత్సరాల్లో మాత్రం కొంత వెసులుబాటు ఇవ్వండి. దుకాణదారు దగ్గర మిగిలిన పాత అచ్చు వాడి ఉండొచ్చు.

నాలుగోది దుస్తులు. పక్కల మీద ఉండే బొమ్మల్లోని సిపాయి ఆ దళం వాడేనా? ప్రష్యా పదాతి హెల్మెట్ మీద మొన ఉంటుంది. ప్రష్యా ఫిరంగి దళం హెల్మెట్ మీద మొనకి బదులు గుండ్రటి బంతి ఉంటుంది. ఉలాన్ టోపీ పైభాగం చదునుగా పలకలా ఉంటుంది. హుస్సార్, అంటే తేలికపాటి గుర్రపు దళం వాడికి బొచ్చు టోపీ, కోటు నిండా అల్లిక తాళ్లు. క్యూరసీర్, అంటే బరువైన గుర్రపు దళం వాడికి ఛాతీ కవచం. ప్రష్యా యేగర్, అంటే తేలికపాటి పదాతి దళానికి షాకో అనే పొడుగాటి టోపీ. ముందు ఉలాన్ రెజిమెంటు నంబరు, పక్కన హుస్సార్ బొమ్మలు ఉన్నాయంటే పొరపాటు అని సర్దుకోవద్దు. డబ్బు పెట్టి కొన్న ఏ ఉలానూ ఆ ముంత తీసుకోడు.

ఇప్పుడు మూత దగ్గరికి వద్దాం. బొటన మీట రాజ్యాన్ని చెబుతుంది. ప్రష్యాకి రెక్కలు విప్పిన గద్ద. బవేరియాకి డాలు పట్టుకున్న సింహం. వుర్టెంబెర్గ్‌కి జింక, సింహం అటూ ఇటూ నిలబడి మోస్తున్న రాజ్యచిహ్నం. బాడెన్‌కి గ్రిఫిన్, అంటే గద్ద తల, సింహం ఒళ్లు ఉన్న జంతువు. సాక్సనీకి కిరీటం కింద డాలు. ఇది గట్టి సాక్ష్యమే గానీ చివరి తీర్పు కాదు. కొన్నిటికి రాజ్యచిహ్నం బదులు గుర్రపురౌతు లాంటి దళపు బొమ్మే మీటగా పెట్టారు. మీట కలవకపోతే ముంతని వెంటనే పక్కన పెట్టకండి, మూత మార్చారేమో అని వెతకండి. ఎలా వెతకాలో చెబుతాను.

మూత మీది బొమ్మ సంగతి. పదాతికి చేతిలో ముంత పట్టుకుని కూర్చున్న సిపాయి, గుర్రపు దళానికి రౌతు, ఫిరంగి దళానికి ఫిరంగి. కొన్ని మూతల్లో బొమ్మ కింద పట్టకాల్లా చెక్కిన గాజు పొదుగుతారు. కొన్నిట్లో బొమ్మ మర తిప్పితే ఊడొస్తుంది, కింద గాజు వెనక చిన్న బొమ్మ ఉంటుంది. కొన్ని ముంతల మీటలోనో బొమ్మలోనో సన్నని కన్నం కనిపిస్తుంది. కంటి దగ్గర పెట్టుకుని వెలుతురు వైపు తిప్పితే లోపల గింజంత గాజుకి అతికించిన సూక్ష్మ ఛాయాచిత్రం పెద్దదిగా కనిపిస్తుంది. స్టాన్‌హోప్ అంటారు. ఉందని తెలియక ఆ కన్నంలో సూది పెట్టి మురికి తీయబోయి గాజు పోగొట్టినవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి.

మూత మార్చారా అన్నది పిడి దగ్గర తెలుస్తుంది. పిడి పైభాగాన్ని చుట్టుకుని ఒక ప్యూటర్ పట్టీ ఉంటుంది. దాని మీదే మడతబందు నిలుస్తుంది. అసలుదైతే ఆ పట్టీ పింగాణీ ఆకారానికి అంటుకుపోయి ఉంటుంది. సందు ఉందా, సందులో జిగురు ఉందా, పట్టీ రంగు, మూత రంగు ఒకేలా మసకబారాయా చూడండి. మూత అంచు ముంత నోటి మీద చుట్టూ సమంగా కూర్చోవాలి. ఒకవైపు వేలాడినా, పిడి వైపుకి జరిగి ఉన్నా వేరే ముంత మూత తెచ్చి పెట్టి ఉండొచ్చు. పట్టీ మెడ దగ్గర విరగడం చాలా మామూలు. మూత పట్టుకుని ముంత ఎత్తితే ఆ బరువంతా అక్కడే పడుతుంది. టంకం వేసి అతికితే కొత్త మెరుపు చుక్కలు కనిపిస్తాయి. చక్కగా చేసిన మరమ్మతు తప్పు కాదు. చెప్పకుండా అసలు ధరకి అమ్మడం తప్పు.

ఇప్పుడు ఒంటి మీద పని. తయారీలో ఒకచోట తెల్ల పింగాణీ ముంత పోసి కాల్చేవారు, ఇంకోచోట అలంకరించేవారు. బొమ్మల గీతలు అచ్చు ట్రాన్స్‌ఫర్‌గా వేసి, రంగులు చేత్తో నింపి, మళ్లీ తక్కువ వేడిలో కాల్చేవారు. పేర్లు మాత్రం కుంచెతో రాసేవారు. ఎందుకంటే బొమ్మ అందరికీ ఒకటే అయినా పేరు ఎవరిది వారిదే. అందుకే పది రెట్ల భూతద్దం ముందుగా పేర్ల మీద పెట్టండి. చేత్తో రాసిన రెండు "ఎం" అక్షరాలు అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండవు. కుంచె మొదలైన చోట రంగు చిక్కగా, చివర పలచగా ఉంటుంది. అన్ని పేర్లూ ఒకే మందంతో, చదునుగా, రబ్బరు స్టాంపు కొట్టినట్టు ఉంటే అది డెకాల్, అంటే అచ్చేసి అతికించిన రాత. రంగుల మీద క్రమబద్ధమైన సన్నచుక్కల వల కనిపిస్తే, పత్రికల్లో ఫోటోలకి ఉండే చుక్కల్లాంటిది, అది ఇటీవలి అచ్చు. పాత అచ్చులోనూ చుక్కలుండొచ్చు గానీ అవి చేత్తో పెట్టినట్టు చెదిరి ఉంటాయి. వేలితో మెల్లగా తడమండి. పాతదాంట్లో చేత్తో నింపిన రంగు కాస్త ఎత్తుగా తగులుతుంది.

పిడికి రెండువైపులా ఉండే పేర్ల జాబితా నా దృష్టిలో ముంతకి ప్రాణం. సేకర్తలు రోస్టర్ అంటారు. యజమాని పేరు ఆ జాబితాలో ఉందా చూడండి, చాలాసార్లు ఉంటుంది. హోదాలు పొట్టి చేసి రాస్తారు: గెఫ్ర్ అంటే గెఫ్రైటర్, మన లాన్స్ నాయక్ లాంటి హోదా. అక్షరాలు పాత జర్మన్ లిపివి. పదం మధ్యలో వచ్చే పొడుగు "ఎస్" అచ్చం "ఎఫ్"లా కనిపిస్తుంది. ఈ ఒక్కటి తెలియక ఇంటిపేర్లు తప్పు చదివి, వెతికి దొరకలేదని వదిలేస్తుంటారు.

చాలా ముంతల మీద ఒక పద్యం ఉంటుంది, కొద్ది మార్పులతో. దాని భావం: తన కాలం నమ్మకంగా కొలువు చేసినవాడికి నిండు ముంత అర్పించండి. ఇంకొన్నిట్లో "పరోలె హైమాట్" అని ఉంటుంది. పరోలె అంటే కాపలావాడికి చెప్పే సంకేతపదం. హైమాట్ అంటే సొంత ఊరు. ఇవాల్టి సంకేతం: ఇల్లు. రెండు మూడేళ్లు బ్యారక్‌లో ఉన్న ఇరవై రెండేళ్ల కుర్రాడి మనసు ఈ రెండు మాటల్లో ఉంది.

ముంత అడుగు. పింగాణీ ముంతని ఖాళీగా వెలుతురు వైపు ఎత్తి నోట్లోంచి చూస్తే అడుగున బొమ్మ వెలుగుతుంది. ఇదే లిథోఫేన్. 1820ల చివర ఫ్రాన్స్‌లో పేటెంటు పొందిన విద్య. మైనం మీద బొమ్మ చెక్కి, దాన్నుంచి అచ్చు తీసి, పింగాణీ పోస్తారు. పలచగా ఉన్నచోట వెలుగు, మందంగా ఉన్నచోట నీడ. బీరు తాగేశాకగానీ బొమ్మ కనబడదు. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో యూరప్ పింగాణీ చూసినవారికి ఈ పదార్థం ఎంత పలచగా పోయొచ్చో ఊహకందుతుంది. పాత ముంతల్లో ప్రియురాలికి వీడ్కోలు చెబుతున్న సిపాయి, సారాయి కొట్టులో స్నేహితులు లాంటి దృశ్యాలు ఉంటాయి. బట్టల్లేని ఆడమనిషి బొమ్మ కనిపిస్తే మిగతా పరీక్షలు అక్కర్లేదు, అది తర్వాతి కాలపు కాపీ. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీలో ఉన్న అమెరికన్ సైనికులకీ, పర్యాటకులకీ అమ్మడానికి ఇలాంటివి చాలా చేశారు. అడుగున "వెస్ట్ జర్మనీ" అన్న ముద్ర ఉంటే 1949కి ముందుది కానే కాదు, ఆ దేశమే లేదు.

కాపీల గురించి ఇంకొక్క మాట. అవి అన్నీ మోసం కోసం చేసినవి కావు. జ్ఞాపికలుగా అమ్మారు, కొన్నారు, అల్మారాలో పెట్టుకున్నారు. యాభై ఏళ్లు గడిచాక మనవడు వాటిని తాతగారి పాత ముంత అని నిజాయితీగానే అమ్ముతాడు. కాబట్టి అమ్మేవాడి మాట తీరు చూసి నిర్ణయించకండి. అడుగు అంచు చూడండి. మెరుగు వేయని ఆ వలయం వందేళ్లు బల్లల మీద జరిగితే నునుపుగా అరిగి, రంధ్రాల్లో మురికి పట్టి ఉంటుంది. బంగారు గీత చేయి తగిలే చోట, అంటే పిడి మీద, నోటి అంచు మీద ముందు పోవాలి. ఎక్కడా అరగని బంగారం, బాగా నల్లబడిన ప్యూటర్ ఒకే ముంతలో ఉంటే ఆ నలుపు రసాయనంతో తెచ్చిందేమో చూడాలి.

పగుళ్లు, అతుకులు. లిథోఫేన్ పలచన కాబట్టి అక్కడే ముందు పగులుతుంది. వేడినీళ్లు పోయడం, చలిలోంచి తెచ్చి వెంటనే కడగడం కారణాలు. టార్చి లోపల పెట్టి చీకటి గదిలో బయటినుంచి చూస్తే జుట్టంత పగులు కూడా నల్లగీతగా తెలుస్తుంది. గోటితో మెల్లగా కొడితే మంచి పింగాణీ మోగుతుంది, పగిలింది బొంగురుగా పలుకుతుంది. మూత చేత్తో పట్టుకుని కొట్టండి, లేకపోతే మడతబందు శబ్దం కలిసిపోతుంది. 365 నానోమీటర్ల అతినీలలోహిత టార్చి ఒకటి దగ్గరుంచుకోండి. తర్వాత పూసిన రంగు, జిగురు దాని కింద చుట్టుపక్కల పింగాణీకి భిన్నంగా వెలుగుతాయి. నోటి అంచు, పిడి అతుకులు, అడుగు అంచు ముందు చూడండి.

ఎక్కడ మొదలుపెట్టాలి అని అడుగుతారు. పదాతివి ఎక్కువ దొరుకుతాయి, ధర తక్కువ. తర్వాత ఫీల్డ్ ఆర్టిలరీ. గుర్రపు దళానివి ఇంకాస్త పైన. రైల్వే, టెలిగ్రాఫ్, ఆకాశనౌక, విమాన, సబ్‌మెరైన్, వలసరాజ్యాల దళాలవి అరుదు. నా సలహా: అరుదైనది ఒక్కటి కొనాలని డబ్బు దాచకండి. ఒక్క ఊరిని గానీ, ఒక్క రెజిమెంటుని గానీ ఎంచుకుని మామూలు పదాతి ముంతలు మూడు కొనండి. ఒకే కంపెనీవి వేర్వేరు సంవత్సరాలవి దొరికితే కొన్ని పేర్లు ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి రావచ్చు.  అరుదైన ఒంటరి ముంత ఈ ఆనందం ఇవ్వదు.

పేరు దొరికాక మనిషిని వెతకొచ్చు. ఇక్కడ రాజ్యం తేడా మళ్లీ పనిచేస్తుంది. ప్రష్యా సైన్యం దస్తావేజులు 1945 ఏప్రిల్‌లో పోట్స్‌డామ్ మీద జరిగిన బాంబుదాడిలో చాలావరకు కాలిపోయాయి. బవేరియావి మ్యూనిక్‌లో, వుర్టెంబెర్గ్‌వి స్టుట్‌గార్ట్‌లో, సాక్సనీవి డ్రెస్డెన్‌లో మిగిలాయి. 1914–18 నాటి బవేరియన్ సైనికుల జాబితాలు ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే చూడొచ్చు. జర్మన్ సైన్యం అచ్చేసిన మృతుల, క్షతగాత్రుల జాబితాలు అన్ని రాజ్యాలవీ పేరుతో వెతికేలా ఉన్నాయి. పేరు, ఊరు రెండూ కలిస్తేనే మనవాడు అనుకోండి. మ్యుల్లర్‌లు, ష్మిట్‌లు వేలల్లో ఉంటారు.

నౌకాదళపు ముంతల గురించి ఒక మాట చెప్పాలి, మనకి సంబంధం ఉంది కాబట్టి. వీటి మీద ఓడ పేరు, కీల్ లేదా విల్‌హెల్మ్స్‌హాఫెన్ రేవు దళం, మూడేళ్ల తేదీలు ఉంటాయి. చైనా తీరంలోని త్సింగ్‌టావ్‌లో జర్మన్ స్థావరం ఉండేది, అక్కడి మూడో నౌకా పదాతి బెటాలియన్ పేరుతో కూడా వస్తువులు దొరుకుతాయి. ఎస్.ఎం.ఎస్. ఎమ్‌డెన్ అక్కడి ఓడే. 1914 సెప్టెంబరు 22 రాత్రి మద్రాసు రేవు మీద గుండ్లు కురిపించి బర్మా ఆయిల్ ట్యాంకులు తగలబెట్టింది అదే. అప్పటికి కోస్తా, రాయలసీమ అంతా ఆ మద్రాసు ప్రెసిడెన్సీలోనిదే. ఆ ఓడ పేరున్న ముంత ఎక్కడ కనిపించినా మనవాళ్లు చేయి చాస్తారు. సహజమే. కానీ ఓడ సేవలోకి వచ్చింది 1909 జూలైలో, ధ్వంసమైంది 1914 నవంబరులో. తేదీలు ఆ కాలాన్ని అసలు తాకకపోతే చేయి వెనక్కి తీసుకోండి.

1935లో నిర్బంధ సైనిక కొలువు మళ్లీ వచ్చాక చేసిన ముంతలు కూడా ఉన్నాయి. ఎక్కువ స్టోన్‌వేర్, అలంకరణ సాదా. ఇది వేరే రంగం, వేరే చదువు. నాజీ చిహ్నాల బహిరంగ ప్రదర్శన జర్మనీలో నేరం కూడా, చదువు, పరిశోధన లాంటి మినహాయింపులు తప్ప. ఇక్కడితో ఆపుతాను.

సంరక్షణ. ముంతని రెండు చేతులతో, ఒంటిని పట్టుకుని ఎత్తండి. పిడి పట్టుకోకండి. మూత అసలే వద్దు. కడగాలంటే గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కల మెత్తటి సబ్బు, మెత్తని కుంచె. నీళ్లలో ముంచొద్దు, మడతబందులోకి నీళ్లు పోనివ్వొద్దు. బంగారం మీద రుద్దొద్దు. ప్యూటర్‌కి పాలిష్ పెట్టకండి. వందేళ్ల మసక ఒక మధ్యాహ్నంలో పోతుంది, తిరిగి రాదు, ధర కూడా దాంతోపాటే పోతుంది. ఓక్ లాంటి చెక్క, కొత్త ప్లైవుడ్ అల్మారాల్లోంచి ఆమ్లపు ఆవిరి వస్తుంది, సీసం కలిసిన ప్యూటర్‌ని అది తింటుంది, తెల్లటి పొడి పైకి వస్తుంది. పెయింటు వేసిన స్టీలు బీరువా, గాజు అరలు మేలు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో సిలికా జెల్ సంచులు పెట్టి, రంగు మారినప్పుడల్లా ఎండబెట్టండి.

పార్సిల్‌లోనే ఎక్కువ ముంతలు చస్తాయి. కారణం మూత. దారిలో కుదుపుకి మూత లేచి నోటి అంచు మీద పడుతుంది, అంచు పెచ్చు లేస్తుంది. అమ్మేవారికి ముందే రాయండి: లోపల మెత్తగా నింపాలి, మూతకీ నోటికీ మధ్య ఫోమ్ పెట్టాలి, మూత మీది బొమ్మకి బరువు తగలకుండా విడిగా చుట్టాలి, పెట్టెలో పెట్టె, మధ్యలో అన్నివైపులా కనీసం 5 సెంటీమీటర్లు.

(సభ నుంచి ప్రశ్న: ఇందులో బీరు తాగొచ్చా?)

వద్దండి. మెరుగు మీద వేసిన ఆ కాలపు రంగుల్లో సీసం ఉండొచ్చు, ప్యూటర్‌లోనూ ఉండొచ్చు. బీరు పులుపు దాన్ని కరిగిస్తుంది. నింపిన ముంత బరువు పాత పిడి మీద పడటం ఇంకో ప్రమాదం.

(సభ నుంచి ప్రశ్న: అమెరికాలో కొన్నది హైదరాబాదు తెచ్చుకుంటే, మళ్లీ తీసుకెళ్లొచ్చా?)

దీన్ని తేలిగ్గా తీసుకోకండి. 1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టం వందేళ్లు దాటిన వస్తువుల ఎగుమతిని కట్టడి చేస్తుంది. మన ముంతలన్నీ ఇప్పుడు వందేళ్లు దాటినవే. తెచ్చినప్పుడు కొన్న బిల్లు, కస్టమ్స్ రసీదు, అన్నివైపుల ఫోటోలు ఒక ఫైల్లో పెట్టుకోండి. బయటికి పంపే ముందు భారత పురావస్తు సర్వేక్షణ శాఖ కార్యాలయంలో రాతపూర్వకంగా అడిగి, వాళ్ల జవాబు వచ్చాకే టికెట్టు తీసుకోండి.

(సభ నుంచి ప్రశ్న: పేర్లు సగం చెరిగిపోయాయి, మళ్లీ రాయించొచ్చా?)

రాయించకండి. ఏటవాలు వెలుతురులో ఫోటో తీయండి. రంగు పోయినా మెరుగు మీద కుంచె జాడ మసకగా మిగులుతుంది, చాలాసార్లు చదవడానికి అదే సరిపోతుంది.